గింజ ముట్టని మఫిన్లు

వాచీలు బాగుచేసే ఆయనకు వీధిలో పెట్టిన పేరు సెకన్ల ముల్లు. ఒక్కచోట నిలవడు, చెప్పిన మాట తూచా తప్పడు. భార్యను మూడు నెలలపాటు గింజ ముట్టవద్దని డాక్టరు చెప్పిన రోజే, పథ్యం విషయంలో ఎవర్నీ నమ్మకూడదంటూ వంటిల్లు తన చేతిలోకి తీసుకున్నాడు. రెండు నెలలు తిరిగేసరికి ఆ మహాతల్లి కంచం చూస్తేనే మొహం తిప్పుకుంటోంది.

“రేపట్నుంచి అన్నమే తింటాను. ఇక నావల్ల కాదు,” అని ఇవాళ పొద్దున్నే తేల్చి చెప్పేసింది.

అంటే ఈ పూట చేసే కారం మఫిన్లే ఆఖరి అస్త్రం. ఇవీ నచ్చకపోతే పథ్యం గంగలో కలిసినట్టే.

మఫిన్ల గుంతల రేకు ఇచ్చిపోదామని వచ్చిన మరదలు గుమ్మంలోనే ఆగిపోయింది. బావగారు కంటికి వాచీల భూతద్దం బిగించుకుని, చిన్న పట్టకారుతో టమాటాలోంచి గింజలు ఒక్కొక్కటే ఏరుతున్నాడు. పక్కనే కడుపు ఖాళీ అయిన పచ్చిమిరపకాయలు బారులు తీరి ఉన్నాయి. గిన్నెలో గుడ్లు, చీజ్ తురుము, బాదం పొడి.

“ఏంటి బావా ఈ ఆపరేషను?”

“గింజలు తీస్తున్నానమ్మా. డాక్టరు వద్దన్నాడుగా.”

“మరి ఆ బాదం?”

“అది పప్పు. గింజ కాదు.”

మరదలు రేకు కింద పెట్టింది. “బావా, గింజలంటే బియ్యం, గోధుమలు, జొన్నలు. టమాటా గింజల్ని ఎవరు వద్దన్నారు? కొంపదీసి కూరల్లో మిరియాలు, జీలకర్ర కూడా మానేశారా?”

“ఆవాలు కూడా,” అన్నాడాయన నీరసంగా.

ఇల్లాలి నాలుక చచ్చిపోయింది డాక్టరు వల్ల కాదని అప్పుడు బోధపడింది. ఆయనకు నిజంగానే సిగ్గేసింది. భూతద్దం తీసి పక్కన పెట్టి, టమాటాలూ పచ్చిమిరపకాయలూ గింజలతో సహా తరిగి పోశాడు. మిరియాలు దంచి, ఉండాల్సిన దానికి రెట్టింపు వేశాడు. ఓవెన్‌లో మాత్రం సరిగ్గా పాతిక నిమిషాలే ఉంచాడు.

భార్య ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరియాల ఘాటే కావచ్చు. మాట్లాడకుండా రెండోది తీసుకుంది, ఆ తర్వాత మూడోది.

ఇక దాచి లాభం లేదని ఆయన జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు. ఆవిడ నమలడం ఆపింది.

“అయితే ఆ చప్పిడి తిండి మీకు వంట రాక కాదా?”

“కాదు.”

“పాపం, మీకు చేతనైంది ఇంతేలే అనుకుని రెండు నెలలు నోరు మూసుకుని తిన్నానండీ. అన్నం తింటానని బెదిరించింది కూడా మిమ్మల్ని పొయ్యి దగ్గర్నుంచి లేపడానికే. రేపు కూడా మీరే చేయండి,” అంటూ నాలుగోది అందుకుంది.