దేవుని పూలకు వేరే బకెట్

నా తెలుగు పేలవమైనదే, పాఠకులు మన్నించాలి. పగలు పనిచేస్తూ రాత్రి కళాశాలలో డిగ్రీ పూర్తిచేసినవాడిని. మడికొండ దగ్గర మా కాలనీలో చెత్త ఆటోల పర్యవేక్షణ నా బాధ్యత.

తడి చెత్తలో ప్లాస్టిక్ కనిపిస్తే ఎరువు తయారుచేసే షెడ్డువారు ఆటోను తిప్పి పంపుతారు. అప్పుడు ఆ చెత్తంతా డంపింగ్ యార్డుకే పోతుంది. అక్కడ కుళ్లి, ఎండాకాలంలో అంటుకుంటే ఆ పొగ మా ఇళ్లలోకే వస్తుంది. ఈ వారం మా ఆటోను రెండుసార్లు తిప్పి పంపారు. అందుకే ఈ ఉదయం నేనే ఆటో వెంట నడిచాను.

కారణం రాజవ్వ ఇంటి ముందు దొరికింది. పూజ చేసిన పూలను ఆమె ప్లాస్టిక్ కవర్లో ముడివేసి తడి చెత్తలో వేసింది.

“కవర్ల ఎందుకవ్వా? పూలు ఉత్తగనే ఎయ్యరాదూ?” అన్నాను.

“ఏం మాట్లాడుతానవ్ బిడ్డా! దేవుని పూలు ఎంగిలి మెతుకులల్ల కలుపుతరా? ఇంత సదువు సదివినవ్, గిది తెల్వదా?”

దేవుని పూలకు వేరే బకెట్ ఉంటే కవర్ అక్కరలేదనిపించింది. వెంటనే కొత్త బకెట్ తెప్పించి, పసుపు రాసి, ఆటో ముందు భాగాన కట్టించాను. రాజవ్వ తానే ముడి విప్పి పూలు అందులో పోసింది.

“గిది ముందుగాలనే పెడితే అయిపోవు గద!” అంది.

వీధి చివరికి బకెట్ నిండింది. షెడ్డువారు ఆటోను ఆపలేదు. రేపు మిగతా ఆటోలకూ బకెట్లు కట్టిస్తున్నాను.

మీ వీధిలో ఈ పూలను ఏం చేస్తున్నారో రాయండి. దీనిని ముందుగా మీ ఇంట్లో దీపం పెట్టేవారికి చదివి వినిపించండి. ఆ తరువాత, వారిని ఎన్నడూ అడిగి తెలుసుకోని నా వంటి పర్యవేక్షకులకు పంపండి.