జ్వరం వస్తేనే పట్టినట్టు

టీకాల గదిలో ఇరవై రెండేళ్లుగా సూదులు వేస్తున్న నర్సుకి పిల్లలు పెట్టిన పేరు సూదమ్మ. ఆవిడ చెయ్యి తేలిక, నోరు మాత్రం కాదు. బిడ్డకి జ్వరం రాలేదు, టీకా పట్టిందో లేదోనని ఏ తల్లయినా అడిగిందా, ఒంటికాలి మీద లేచేది.

"టీకా వేశాం గానీ పొయ్యి మీద పెట్టామా, వేడెక్కడానికి? జ్వరం రాకపోయినా పడుతుంది. వెళ్లు."

ఆవిడ ఆరేళ్ల మనవరాలికి కిడ్నీ జబ్బు. దాన్ని అణచడానికి ఇచ్చే మందులు ఒంట్లోని కాపలాని కూడా జోకొట్టేశాయి. ఫలానా రోగం ఇలా ఉంటుంది, గుర్తుపెట్టుకో అని ఒంటికి ముందే చూపించడమే టీకా. కాపలావాడు గుర్రు పెడుతుంటే ఎవరికి చూపిస్తాం? కామెర్ల టీకా మూడు సూదులూ సూదమ్మే వేసింది. రక్తం తీసి చూస్తే, పది దాటాల్సిన రక్షణ అంకె రెండు దగ్గరే ఉంది. రేపో మాపో రక్తం శుద్ధి చేసే మిషను ఎక్కాల్సిన పిల్ల, అక్కడ ఈ కామెర్లు అంటుకునే భయం ఎక్కువ.

"డోసు రెట్టింపు చేసి మళ్లీ మొదట్నుంచీ వేద్దాం. జ్వరమొస్తే మాత్రం గంటలో తీసుకురండి. ఈ పిల్ల విషయంలో ఆగకూడదు," అన్నాడు డాక్టరు.

రెండో విడత ఆఖరి సూది పడిన మర్నాడు సూదమ్మ సెలవు పెట్టింది. కూతురు బస్సు డిపోకి డ్యూటీకి వెళ్లాక, ఎనిమిదింటికి, పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా తగిలింది. ఆవిడకి నవ్వొచ్చింది. అమ్మయ్య, ఈసారి పట్టింది అనుకుంది. ఎంతమందిని కసిరితేనేం, ఆ తల్లుల్లో ఒకతె ఆవిడ లోపలే కూర్చుని ఉంది. డాక్టరు మాట గుర్తులేక కాదు. తడిగుడ్డ వేస్తూ, ఒళ్లు కాలుతున్నకొద్దీ సంతోషపడుతూ, గంట కాదు, ఎనిమిది గంటలు కూర్చుంది. నాలుగింటికి పిలిస్తే పిల్ల కళ్లు తెరవలేదు.

"జ్వరం ఎప్పట్నుంచి?" ఆసుపత్రిలో అడిగారు.

"మూడింటి నుంచండి," అంది సూదమ్మ. డిపో నుంచి పరిగెత్తుకొచ్చిన కూతురు పక్కనే నిలబడి ఉంది.

రక్తంలో క్రిములు చేరాయన్నారు. తొమ్మిది రోజుల తర్వాత పిల్ల ఇంటికొచ్చింది. ఈ తొమ్మిది రోజుల్లో సూదమ్మకి ఏడుపు రాలేదు, ఆకలీ వేయలేదు. మళ్లీ గదికి వెళ్లి సూదులు వేసింది. జ్వరం సంగతి ఎవరడిగినా కార్డు మీద తేదీ వేసి పంపేసేది. కసరడం మానేసింది. అది చూసే తల్లులకి భయం వేసింది.

నెల తిరిగాక, టీకా పట్టిందో లేదో చూసిన రక్తపరీక్ష కాగితం వచ్చింది. కూతురు వంటింట్లో గిన్నెలు తోముతోంది. సూదమ్మ కాగితం గట్టు మీద పెట్టింది.

"మూడే వచ్చింది."

కూతురు తలూపింది.

"ఆ రోజు జ్వరం పొద్దున్నే వచ్చిందే. మూడింటికి కాదు."

"తెలుసు." కూతురి చెయ్యి ఆగలేదు. "కళ్లు తెరిచిన రోజే చెప్పింది. నాకు జ్వరమొచ్చిందని అమ్మమ్మ నవ్విందమ్మా, అంది."

ఆఖరి గిన్నె బోర్లించి, కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంది.

"రేపు నాకు పొద్దుటి డ్యూటీ. సెలవు పెట్టు. దాన్ని చూసుకోవడానికి నువ్వు తప్ప ఎవరున్నారు?"