పసుపు పూసిన ఇంజను బ్లాకు

నిన్న సాయంత్రం దండెం మీది బట్టలు తీస్తుంటే వెనకనుంచి మా మావయ్య గొంతు వినిపించింది. "ఇంకో బోరుకొత్తాది అల్లుడూ, నువ్వేటీ బెంగెట్టుకోకు." అంతే, చేతిలో ఉన్న చిన్నదాని గౌను జారి మట్టిలో పడింది. ఆ మాట నేను ఇదివరకు విన్నాను. ఇదే గొంతు, ఇదే ధీమా. అప్పుడు విన్నది మా నాన్న, నిన్న విన్నది మా ఆయన. తిరిగి చూస్తే గోడవార గోనెసంచి మీద ఒక పాత ఇంజను బ్లాకు కూర్చుని ఉంది. దాని ఒక పక్క మీద నంబరు కొట్టిన చోట తాజాగా పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టారు.

మా ఆయన పలాస స్టేషను దగ్గరనుంచి పల్లెలకు జీపు తిప్పుతారు. పొద్దున్న మొదటి ట్రిప్పులో మా పిల్లలిద్దరినీ బడి దగ్గర దింపుతారు. కొంతకాలంగా ఆ జీపు వెనక నీలం పొగ వదులుతోంది. విప్పి చూసిన మెకానిక్కు బ్లాకు పనికిరాదన్నాడు. అది తెలిసిన మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, తన జీడిపిక్కలు కాల్చే బట్టీ వెనక పాకలో ఇన్నేళ్లుగా దాచిన ఈ బ్లాకును ఆటోలో వేయించుకుని వచ్చాడు. ఇది మా నాన్న జీపుది. మా అమ్మను నడిరోడ్డు మీద ఆపేసినది.

పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను. రాయకపోతే ఈ కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

నా వయసువాళ్లకు ఆ జీపులు గుర్తుండే ఉంటాయి. కవిటి నుంచి పలాస దాకా కొబ్బరి బస్తాలు, జీడిపిక్కల మూటలు, పెళ్లివారు, మేకపిల్లలు, సంతకు పోయే ముసలమ్మలు, అందరూ ఒకే బండిలో ఇరుక్కుని, డ్రైవరు సగం బయటకు వేలాడుతూ, కాలేజీకి వెళ్లే మాలాంటివాళ్లం పుస్తకాల మీద కోడి రెట్ట వేస్తుందేమోనని భయపడుతూ, ఊరూరా ఆగి పోయేవాళ్లం. మా నాన్నా మావయ్యా చెరిసగం వేసుకుని అలాంటిదొకటి కొన్నారు. కొన్న కొత్తలో అది బాగా కలిసొచ్చింది. దాంతో పలాసలో పేర్లూ సంఖ్యలూ చూసే ఒకాయన దగ్గరకు మావయ్య వెళ్లి, బ్లాకు మీద కొట్టిన ఇంజను నంబరు చదివి వినిపించాడు. ఆయన అంకెలన్నీ కలిపి తొమ్మిది వచ్చిందనీ, ఇది చేజారనివ్వకూడదనీ చెప్పాడు. ఆ రోజునుంచి మా నాన్న పొద్దున్నే బానెట్టు ఎత్తి, గుడ్డతో ఆ నంబరు మీది జిడ్డు తుడిచి, వేళ్లు దానికి తాకించి కళ్లకద్దుకుంటే గానీ బండి కదిలేది కాదు. మా అమ్మ నవ్వేది. "నాకు జొరమొత్తే నుదురు ముట్టుకుని సూడరు, దానికి మాత్రం రోజూ ఒళ్లు తుడుత్తారు" అనేది.

బ్లాకు అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట. పిస్టన్లు కిందా మీదా ఆడే గొట్టాలున్న ఇనప దిమ్మ అది. రాపిడికి ఆ గొట్టాల లోపలి గోడలు అరిగిపోతే ఆయిలు పైకెక్కి కాలి పొగ వస్తుంది, బండికి బలం తగ్గుతుంది. అప్పుడు గోడలను లేతు షాపులో కాస్త చెక్కించి, నున్న చేయించి, ఆ కొలతకు సరిపడే పెద్ద పిస్టన్లు వేస్తారు. దాన్నే బోరు చేయించడం అంటారు. అది తప్పని నేననను, గోడలో పస ఉన్నంతవరకు అదే తెలివైన పని. కానీ చెక్కిన ప్రతిసారీ గోడ పల్చబడుతుంది. దాని అవతల నీళ్లు తిరిగే దారి ఉంటుంది. ఒక హద్దు దాటాక ఆ బ్లాకును తీసేసి వేరేది పెట్టుకోవాలి. ఆ హద్దు మా ఇంట్లో అందరికీ తెలుసు. మావాళ్లు అజ్ఞానంతో చేశారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మా బ్లాకు హద్దు దాటింది. టెక్కలిలో లేతు మేస్త్రి అప్పటికే వేయగలిగినంత పెద్ద పిస్టన్లు వేసేశాడు. మళ్లీ పొగ వస్తే, గొట్టాలను ఇంకా వెడల్పు చేసి లోపల కొత్త తొడుగులు దిగ్గొట్టాడు. ఆ తొడుగులూ అరిగాక మా నాన్న మొదటిసారి కొత్త బ్లాకు మాట ఎత్తాడు. మావయ్య ఒప్పుకోలేదు. నంబరు పోతే బండి పోయినట్టే బావా అన్నాడు. లేతు మేస్త్రి అయినా వద్దనాలి కదా. అతను గోడ మీద గోటితో గీసి చూసి, సరేనన్నట్టు తలూపాడు. "ఇంకో బోరుకొత్తాది బావా, నువ్వేటీ బెంగెట్టుకోకు" అని మావయ్య మా నాన్న భుజం తట్టాడు. కాలేజీనుంచి వస్తూ జీపు కోసం అక్కడ ఆగినదాన్ని, ఈ మాట నా చెవులతో విన్నాను.

అప్పటికి మా అమ్మకు కిడ్నీలు పాడైపోయి ఉన్నాయి. మా ఉద్దానంలో ఆ మాట చెబితే ఎవరూ ఎందుకని అడగరు, ఏ ఆసుపత్రి అని అడుగుతారు. అమ్మను రక్తం శుద్ధి చేయించడానికి విశాఖపట్నం తీసుకుపోవాలి. ఇంట్లో జీపు ఉండడం అదృష్టమని ఊళ్లోవాళ్లు అనేవాళ్లు. అమ్మకు నీళ్లు కొలిచి ఇవ్వమన్నారు. చిన్న స్టీలు గ్లాసుతో నేనే ఇచ్చేదాన్ని. ఆవిడ ఒక్కొక్క గుక్కా నోట్లో పుక్కిలించి, మింగడానికి మనసొప్పక అట్టే ఉంచుకునేది.

తొడుగులు చెక్కించిన తర్వాత జీపు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఊళ్లో రేడియేటరు నింపితే కాశీబుగ్గలో మళ్లీ పోయాలి, టెక్కలిలో మళ్లీ పోయాలి. ఒకరోజు నేను ఇంజనులో ఆయిలు కొలిచే పుల్ల లాగి చూస్తే పాలు ఎక్కువైన టీలా తెల్లగా ఉంది. నీళ్లు ఆయిల్లోకి దిగుతున్నాయని, గోడ ఎక్కడో చిట్లిందని, ఈ బండి మీద అమ్మను తీసుకెళ్లొద్దని నాన్నకు చెప్పాను. నాన్న మావయ్య మొహం చూశాడు. "సదూకున్న గుంటవి, సదువు సూసుకో. పొద్దుటి మంచుకి అలాగే ఉంటాది" అన్నాడు మావయ్య. వాకిట్లో ఉన్న మగవాళ్లు నవ్వారు.

ఆ ఎండాకాలం ఒకరోజు ఆసుపత్రిలో రక్తం శుద్ధికి అమ్మ వంతు ఉంటే బయల్దేరాం. నాన్న నడుపుతున్నాడు, పక్కన మావయ్య, వెనక అమ్మా నేనూ. అమ్మ కాళ్లు వాచి చెప్పుల్లో పట్టక వట్టి కాళ్లతోనే ఎక్కింది. టెక్కలి దాటాక రేడియేటరు ఆవిరి కక్కింది. ఆపి, చల్లారనిచ్చి, పొలం బావినుంచి మావయ్య బిందెతో తెచ్చి నీళ్లు పోస్తుంటే, అమ్మ వెనక సీటులోంచి అటే చూస్తూ కూర్చుంది. పెదాలు ఎండి తెల్లటి పొక్కులు కట్టాయి. "సూసేవేటే అమ్మీ, నాకు గుక్కెడు లెక్కెట్టి ఇత్తారు, దానికి బిందెలు పోత్తారు" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా పళ్లు పటపటమంటాయి.

నిమ్మాడ దాటి కొంత దూరం పోయామో లేదో, లోపల ఇనుము ఇనుమును పట్టుకున్న చప్పుడు వచ్చి బండి నిలిచిపోయింది. ఇంజను బిగుసుకుపోయింది. రోడ్డు పక్కన మామిడిచెట్టు నీడలో తువాలు పరిచి అమ్మను కూర్చోబెట్టాను. బస్సులు నిండిపోయి వస్తున్నాయి, ఆగడం లేదు. నాన్న రోడ్డు మధ్యకు పోయి రెండు చేతులూ ఊపాడు. మావయ్య ఏం చేస్తున్నాడని చూస్తే బానెట్టు ఎత్తి, ఆ నంబరు మీద పడిన ఆయిలు తుడుస్తున్నాడు. అమ్మ కూడా చూసింది. "ఏటంటాందిరా నీ తొమ్మిది?" అని తమ్ముణ్ని అడిగింది. మావయ్య గుడ్డ తిరగేసి మళ్లీ తుడిచాడు.

చివరికి ఒక లారీ ఆయన దయతలచి ఎక్కించుకున్నాడు. ఆసుపత్రికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. అమ్మ వంతు ఇంకెవరికో వెళ్లిపోయింది. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లూ మాలాగే ఎక్కడినుంచో వచ్చినవాళ్లు. మర్నాడు యంత్రం దొరికేసరికి నీరు ఊపిరితిత్తుల్లోకి చేరింది. అమ్మ ఆ వారం దాటలేదు.

పన్నెండో రోజుకు వచ్చిన బంధువులందరూ రాత అన్నారు. కర్మలయ్యాక టెక్కలిలో ఇంజను విప్పారు. గొట్టానికీ నీటిదారికీ మధ్య గోడ నిలువునా చిట్లి, నా చిటికెన గోరు దూరేంత సందు ఉంది. నేను వేలు పెట్టి చూశాను. రాత అక్కడ ఉంది, అది లేతు మీద చెక్కిన రాత. నాన్న దాన్ని చూసిన తర్వాత మళ్లీ స్టీరింగు పట్టుకోలేదు. మావయ్య మాత్రం బ్లాకును పాత ఇనప సామానుకు వేయనివ్వలేదు. "నంబరు మంచిదే. మా అప్ప టైమే బాగోలేదు" అన్నాడు. సొంత అక్క గురించి, ఆవిడ పెట్టిన అన్నం తిని పెరిగిన తమ్ముడు అన్న మాట ఇది. వయసులో పెద్దవాణ్ని ఏమీ అనకూడదని నన్ను అందరూ పక్కకు లాగారు.

ఇప్పుడు రోడ్డు నాలుగు వరుసలైంది. జీపులు తగ్గి ఆటోలు పెరిగాయి. బస్సులో విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా నిమ్మాడ దాటగానే కిటికీలోంచి ఆ మామిడిచెట్టు కోసం వెతుకుతాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసినట్టున్నారు, చోటు కూడా ఆనవాలు పట్టలేకపోతున్నాను. మా అమ్మ చివరిసారి ఆరుబయట కూర్చున్న చోటు అది. చెట్టును ఉంచలేదు, అమ్మను ఉంచలేదు, ఈ ఇనప దిమ్మను మాత్రం పాకలో పెట్టి, ఏటేటా దసరాకు పసుపు పూసి కాపాడారు.

నిన్న మావయ్య ఉండగానే మా ఆయనతో చెప్పాను, ఇది మన బండిలోకి రాదని. చిట్లిన చోట వెల్డింగు పెట్టించి తొడుగు వేస్తే సరిపోతుందని మావయ్య అన్నాడు. మా ఆయన నేల చూస్తూ, "పెద్దోడు మోసుకొచ్చేడు, ఏటనగలం" అన్నారు. మా నాన్న కూడా సరిగ్గా ఇలాగే నేల చూసేవాడు.

ఇవాళ పొద్దున్న బడికి తయారైన పిల్లలు గోడవార ఆ పసుపూ బొట్టూ చూసి, దేవుడనుకుని, చెప్పులు విప్పి దణ్ణం పెట్టబోయారు. ఇద్దరి చేతులూ పట్టుకుని కిందికి దించాను. అరుగు మీద మావయ్య ఉన్నాడు, జీపు పక్కన మా ఆయన ఉన్నారు. ఇద్దరికీ వినపడేలా పిల్లలకు చెప్పాను:

"అది దేవుడు కాదు. మీ అమ్మమ్మని ఆసుపత్రికి చేరనివ్వకుండా నడిరోడ్డు మీద దింపేసిన ఇనుము. మీ నాన్న దాన్ని బండిలో బిగించిన రోజునుంచి మీరిద్దరూ నాతో నడిచే బడికి వత్తారు. ఎందుకని అరుగు మీదున్న ఈ తాతయ్య అడిగితే, అమ్మ సెప్పిందని సెప్పండి."