వెన్నైపోయిన క్రీము

చదువుకున్న కోడలు క్రీము చేయబోతే వెన్నొచ్చిందని మావాళ్లు ఇప్పటికీ పెళ్లి భోజనాల దగ్గర చెప్పుకుని నవ్వుతారు. అందులో సగం అబద్ధం. నేను చేసింది క్రీమే. దాన్ని వెన్న చేసింది మా అత్తగారు.

నర్సీపట్నంలో వీధికో పొదుపు సంఘం పుట్టిన రోజులవి. మా సంఘంలో బీయస్సీ కెమిస్ట్రీ నేనొక్కదాన్నే, అందుకని ఒంటికి రాసుకునే క్రీము నా నెత్తిన పడింది. చేసిన మర్నాడే యలమంచిలిలో అమ్మకాల మేళా. సరుకు బాగుంటేనే స్టాలు, లేదంటే ఎస్. రాయవరం పచ్చళ్లవాళ్లకిచ్చేస్తామని మేడమ్ ముందే చెప్పేశారు.

విశాఖ నుంచి తెప్పించిన సీటైల్ ఆల్కహాల్ తురిమిన కొవ్వొత్తిలా తెల్లటి పలుకులుగా ఉంటుంది. ఏ ఆయింట్‌మెంటు ట్యూబు వెనక చదివినా దాని పేరు కనిపిస్తుంది. తాగేవాళ్లు ఆశపడక్కర్లేదు, అది మైనం లాంటిది. ఒకరి మొహం ఒకరు చూసుకోని నూనెకీ నీళ్లకీ కాపురం కుదిర్చే రకం. మా ఇంట్లోనూ అలాంటిదొకటి ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

ఆ పలుకులూ, సంఘం ట్రైనింగులో ఇచ్చిన పొడీ కొబ్బరినూనెలో కరిగించాను. నీళ్లు కూడా అంతే వేడి చేసి, సన్నటి ధారగా పోస్తూ కవ్వంతో చిలికాను. నున్నగా, పెరుగుమీగడలా వచ్చింది. ఇక చల్లారేదాకా తిప్పుతూ ఉండాలంతే. అప్పుడే గ్యాసు బండి వచ్చింది. కవ్వం అత్తగారి చేతికిచ్చి, "తిప్పుతూ ఉండండి, ఇంకేం చెయ్యొద్దు" అని గేటు దగ్గరికెళ్లాను.

యాభై ఏళ్లు మజ్జిగ చిలికిన చెయ్యి. వెన్న పడకపోతే చన్నీళ్లు పోసే చెయ్యి. ఊరుకుంటుందా? నేనొచ్చేసరికి గిన్నెలో తెల్లటి ముద్దలు తేలుతున్నాయి. ఆవిడ వాటిని తీసి ఉండలు చేస్తోంది.

"ఏటే అలా సూస్తావు? ఎంత తిప్పినా ఎన్న పడనేదు. నీల్లు పోసేసరికి బేగి పడిపోనాది."

"అత్తయ్యా, అది క్రీము! విడిపోకూడదు!"

"సిలికితే ఇడిపోదేటి? కాలేజీలో ఇదేనేటి నేర్పినారు?"

మళ్లీ చేద్దామంటే పలుకులు లేవు. ఆ ముద్దలే డబ్బాల్లో కుక్కి మేళాకి పట్టుకెళ్లాం. మేడమ్ వేలు పెట్టి చూసి, "ఇడ్లీ పిండి తెచ్చారేంటండీ?" అన్నారు. స్టాలు పచ్చళ్లకి పోయింది. మాకు గేటు బయట, చేపల బుట్టల పక్కన కాస్త నేల మిగిలింది.

నేను తలెత్తలేదు. అత్తగారు మాత్రం దర్జాగా బాసింపట్టు వేసుక్కూర్చుంది. ఉప్పుకీ ఐసుకీ చేతులు పగిలిపోయిన ఒక చేపలావిడ చిన్న ముద్ద తీసి రాసుకుంది. ఆ చేత్తోనే చేపలు కడిగి, మళ్లీ వచ్చింది.

"ఏటమ్మా ఇది! కడిగినా పోనేదు. ఒసే, ఇటు రండే!"

మధ్యాహ్నానికి ఒక్క డబ్బా మిగల్లేదు. "నేనే సేసినాను" అని అత్తగారు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది.

తర్వాతి మేళాకి పంతం పట్టి, నలక లేని క్రీము చేసి తీసుకెళ్లాను. చేపలావిడ మూత తీసి మళ్లీ పెట్టేసింది. "ఇది కాదమ్మా. మామ్మ సేసిన ముద్దలు తే."

అప్పట్నుంచీ, మంచి క్రీముని పాడుచెయ్యడం నేర్చుకుంటున్నాను. ఓసారి ఇసుకలా వస్తుంది, ఓసారి గంజిలా. ఆ ముద్ద మాత్రం రాదు. కొలగ్లాసు పట్టుకుని వెనకాల తిరిగితే ఆవిడ "సాలినన్ని పోసినాను" అని నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండుతుంది.

పేరంతా మీకే వచ్చింది, మీరే ఉంచుకోండి. ఇప్పటికైనా చెప్పండత్తయ్యా, ఆ రోజు పోసింది చెంబుడా, అరచెంబా?