శుక్రవారం లోపా, శుక్రవారం దాకానా

మా అత్తవారిది కడియం. ఊరంతా నర్సరీలే. పెళ్ళయి వచ్చేనాటికి నాకు మొక్కల గురించి ఏమీ తెలియదు, కానీ ఇంగ్లీషు మీడియం డిగ్రీ ఉంది. ఆ ఒక్క కారణంతో ఫోన్లో వచ్చే బయటి రాష్ట్రాల ఆర్డర్లన్నీ మా మామయ్యగారు నాకు అప్పగించారు.

"అమ్మాయ్, నువ్వు ఇంగ్లీషులో మెసేజులు కొట్టెయ్యి, మేం మొక్కలు కట్టేస్తాం" అన్నారు.

నేను కొట్టేశాను. ఆ దెబ్బ ఎవరికి తగిలిందో తరవాత తెలిసింది.

పుణె నుంచి ఒకావిడ బాల్కనీ కోసం ఎడారి గులాబీ తెప్పించుకుంది. దాని మొదలు ఏనుగు కాలులా లావుగా ఉంటుంది. నీళ్ళు తక్కువైతే ఓర్చుకుంటుంది, ఎక్కువైతే కుళ్ళిపోతుంది. మొక్క మంగళవారం చేరింది. నాటాక నీళ్ళు ఎప్పుడు పొయ్యాలని ఆవిడ మెసేజ్ పెట్టింది. శుక్రవారం లోపు ఒకసారి పోస్తే చాలు. ఆ సంగతి నేను 'వాటర్ ఇట్ టిల్ ఫ్రైడే' అని రాసి, చాలా చక్కగా రాశాననుకుని భోజనానికి వెళ్ళాను.

ఆవిడ చెప్పిన మాట జవదాటని మనిషి. మంగళవారం నుంచి శుక్రవారం దాకా పొద్దునా సాయంత్రం పోసింది. శనివారం ఫొటో పంపింది. మొక్క మగ్గిపోయిన దోసకాయలా పక్కకి ఒరిగి ఉంది. కింద ఒకటే లైను: మీరు రాసినట్టే చేశాను.

మామయ్యగారు ఫొటో చూశారు. "ఏం రాశావమ్మా?"

"శుక్రవారం లోపు నీళ్ళు పొయ్యమన్నానండి."

"మరి ఈవిడేంటి, చేపల చెరువు తవ్వింది?"

మా వీధి చివర రిటైరైన ఇంగ్లీషు మాస్టారు ఒకరున్నారు. ఆ రోజు మల్లె అంట్ల కోసం వచ్చారు. మామయ్యగారు నా ఫోన్ ఆయన చేతిలో పెట్టారు. మాస్టారు మెసేజ్ చదివి, కళ్ళజోడు తీసి, చావు పలకరింపుకి వచ్చినవాళ్ళలా మెల్లిగా అడిగారు.

"పోయిందా?"

"పోయిందండి."

"పోతుంది. టిల్ అంటే దాకా. లోపు అనాలంటే 'బై ఫ్రైడే' అనాలమ్మా. నువ్వు రోజూ పొయ్యమన్నావు, ఆవిడ పోసింది."

అలా పెళ్ళయిన ఆరేళ్ళకి నాకు ట్యూషన్ మొదలైంది. కుండీల మధ్య మాస్టారికి కుర్చీ, నాకు బోర్లించిన బకెట్టు. కుండీలో మట్టి ఉంటే 'ఇన్', కుండీ మీద కాకి వాలితే 'ఆన్', కుండీ కింద వానపాము ఉంటే 'అండర్'. ఇంతవరకు బాగానే ఉండేది. కానీ మనం వస్తువు పేరు ముందు చెప్పి, 'లో' అనో 'మీద' అనో నింపాదిగా తరవాత తగిలిస్తాం. ఇంగ్లీషువాడు వస్తువేంటో చెప్పకముందే అది ఎక్కడుందో తేల్చెయ్యమంటాడు. నాకది ఇల్లు కనపడకముందే చెప్పులు విప్పమన్నట్టు ఉండేది.

ఒకరోజు బస్సుకి 'ఆన్', కారుకి 'ఇన్' అన్నారు.

"ఎందుకండీ?"

"బస్సులో లేచి నిలబడగలం. కారులో నిలబడలేం."

"మరి షేర్ ఆటో అండీ? డ్రైవరుకి అటొకడు, ఇటొకడు. వెనకాల కమ్మీ పట్టుకుని వేలాడుతూ ఇద్దరు. వాళ్ళు ఇన్నా, ఆన్నా?"

మాస్టారు వాళ్ళందరినీ వేళ్ళ మీద లెక్కపెట్టారు. "వాళ్ళు 'ఎట్ రిస్క్' అమ్మా" అన్నారు.

ఇక పుణె ఆవిడకి క్షమాపణ చెప్పాలి. ఈసారి నన్ను నమ్మేదిలేదని మాస్టారే రాశారు. 'విత్ రిఫరెన్స్ టు' అని మొదలుపెట్టి, 'ఇన్ రెస్పెక్ట్ ఆఫ్' మీదుగా నడిపించి, 'ఆన్ బిహాఫ్ ఆఫ్' దగ్గర ముగించారు. ఒక్క తప్పు లేదు. పంపిన కాసేపటికే ఆవిడ కంగారుగా ఫోన్ చేసింది.

"ఇది లాయరు నోటీసా?" అని హిందీలో అడిగింది. "మొక్క పోయిందన్నానంతే కదా, నామీద కేసెందుకు?"

నాకొచ్చింది టీవీ చూసి నేర్చుకున్న హిందీ. దాంతోనే సంగతంతా చెప్పాను. 'శుక్రవార్ సే పహలే, ఏక్ బార్' అన్నాను. అవతల ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. తను 'తక్' అనుకుందట, అంటే దాకా. తనకీ ఇంగ్లీషు అంతంతమాత్రమేనని, నా మెసేజులు చూసి నేనేదో కాలేజీ లెక్చరర్ననుకుని భయపడిందని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడే కొత్త మొక్క కట్టి పంపించాం. నీళ్ళ సంగతి ఫోన్లోనే చెప్పాను. అది బతికింది, పూసింది కూడా.

మాస్టారు మాత్రం చిన్నబుచ్చుకున్నారు. "నా ఉత్తరంలో ఒక్క తప్పు చూపించండి."

"తప్పు లేదండి మాస్టారూ. ఆవిడ భయపడింది అందుకేనండి" అన్నారు మామయ్యగారు.

మాస్టారు రెండు రోజులు రాలేదు. మూడోరోజు, మల్లెకి చీడ పట్టిందన్న వంకతో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను బకెట్టు బోర్లించాను. ఆ వేళ నా గురించి నన్నే చెప్పమంటే, 'ఐ యామ్ మ్యారీడ్ విత్' అని మొదలుపెట్టాను.

"విత్ కాదమ్మా, టు. మ్యారీడ్ టు."

"అంటే ఆయనతో పెళ్ళి కాదాండీ? ఆయనకి పెళ్ళా?"

"ఇంగ్లీషులో అంతే."

పెళ్ళి ఆయనకి, ఇంటి చాకిరీ నాకు అని గుర్తొచ్చి, ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషువాడు కరెక్టుగానే చెప్పాడన్నాను. మా ఆయన పక్క వరసలో పంపుతో గులాబీలకి మందు కొడుతున్నారు. అంతా వినబడే ఉంటుంది. పంపు చప్పుడు ఇంకాస్త పెంచారు.