పొద్దెక్కక ముందు కోసిన పాలకూర

గుంటూరు శివార్లలో అమీర్‌బీ పాలకూర మడులంటే చుట్టుపక్కల మిరప రైతులకు కూడా గౌరవమే. భర్త పోయాక పాతికేళ్లుగా ఆ అరెకరంలో ఆకుకూరలు పండించి, బజారులో తనే అమ్ముకునేది. ఆమె కూరకు వంక పెట్టినవాళ్లు లేరు. 1967లో ఒకరు పెట్టారు.

ఆవిడ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే శివపార్వతి గారు. మొక్క నేలలోంచి తీసుకున్న గంధకాన్ని ఒంటికి పట్టేలా మార్చే ఎంజైములు ఆకు కణంలో ఎక్కడుంటాయో తేల్చాలని ఆవిడ పట్టుదల. ఆకుకు రంగునిచ్చే పచ్చని రేణువుల్లోనా, వాటి చుట్టూ ఉన్న రసంలోనా? అమీర్‌బీ మడిలోని పాలకూర నూరి, వడకట్టి, యంత్రంలో గిర్రున తిప్పితే రేణువులు అడుక్కి దిగాలి. రెండు నెలలుగా అవి చితికి రసంలో కలిసిపోతున్నాయి.

"లోపం ఆకులోనే ఉంది అమీర్‌బీ. ఇక మంగళగిరి నుంచి తెప్పిస్తాను" అన్నారు ఆవిడ, ఆమెను కాలేజీకి పిలిపించి.

అమీర్‌బీ ముఖం మాడిపోయింది. "ఈ మాట బజారులో పడితే నా కూర ఎవరు ముట్టుకుంటారమ్మగారూ? అసలు నా ఆకును ఏం చేస్తున్నారో చూపించండి."

ప్రయోగశాల లోపల అటెండరు ఆదాం ఆకును కల్వంలో మెత్తగా నూరుతున్నాడు.

"ఏమయ్యా, పచ్చడా? అన్నం ఉడికిందా మరి?"

"నవ్వమాకమ్మా, చెయ్యి పడిపోతోంది."

"ఎప్పుడు కోశావు?"

"భోజనాల గంట కొట్టాక. నువ్వు బజారులో ఉంటావుగా, రోజూ నేనే కోసుకొస్తున్నా."

"మిట్టమధ్యాహ్నమా? ఎండ తాగిన ఆకు నా మడిలో నేనే కొయ్యను. రేపు నేను తెస్తా."

పగలు ఎండలో ఆకు పిండిపదార్థం పోగుచేసుకుని రాత్రి ఖర్చుపెట్టుకుంటుందని ఏటా పాఠం చెప్పేది శివపార్వతి గారే. యంత్రం తిరిగేటప్పుడు ఆ బరువైన పిండి గింజలే రేణువులను లోపలినుంచి చీలుస్తున్నాయని ఆవిడకు అప్పుడు తట్టింది.

మర్నాడు అమీర్‌బీ చీకటి విడకముందే కోసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. ఆదాం ఐసు మీద పెట్టిన కల్వంలో ఆకును పైపైన నలిపాడు. యంత్రం ఆగాక గొట్టం అడుగున చిక్కటి ఆకుపచ్చ మడ్డి, పైన తేట. సాయంత్రానికి లెక్క తేలింది. ఆ ఎంజైముల పని దాదాపు అంతా పచ్చని మడ్డిలోనే జరుగుతోంది.

"ఆకుది తప్పు కాదు, మాదే" అన్నారు శివపార్వతి గారు.

"ఇక్కడ కాదమ్మగారూ, బజారులో అనండి."

ఎప్పుడూ గొంతు పెంచని ఆ లెక్చరరు గారు మర్నాడు కూరగాయల బజారు నడుమ నిలబడి ఆ మాట అన్నారు. వెనకవాళ్లకు వినపడలేదని అమీర్‌బీ మరోసారి చెప్పించుకుంది.