కోట్లావిడ ఎదురు తిరిగిన రోజు

కోట్లావిడ మొగుడికి ఎదురు తిరిగిందట. మాటకి మాట అనడం కాదట, మోటారు రంపం పట్టుకుని వెంటబడిందట. అతను మంచం కిందికి దూరితే మంచాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేసిందట. వీధి చివర ఇస్త్రీ దుకాణం దాకా వెళ్ళిన ఈ మాట తిరిగి ఆవిడ గుమ్మానికి వచ్చేసరికి మంచంతో పాటు బీరువా కూడా తెగింది.

ఆవిడ కోట్లు డబ్బు కోట్లు కావు. ఆసుపత్రిలో నర్సులు తొడుక్కునే తెల్లకోట్లు. వీధివైపు గదిలో కిటికీ కింద కుట్టు మిషను, దాని పక్కన బట్ట కత్తిరించే పొడవాటి బల్ల. తెల్లారిన దగ్గర్నుంచి ఆవిడ లోకం అదే. మనిషి నెమ్మదస్తురాలు. గట్టిగా మాట్లాడితే సూదిలో దారం తెగుతుందేమో అన్నట్టుంటుంది. అలాంటి మనిషి గొంతు ఆ రోజు నాలుగిళ్ళ అవతలికి వినపడిన మాట మాత్రం నిజమే.

మొగుడు మెకానిక్. స్కూటర్లూ నీళ్ళ మోటార్లూ బాగుచేస్తాడు. జనం ఇచ్చినవి బాగుచేసి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఊరి బయట గో-కార్టులని సరదాకి నడిపే చిట్టి బళ్ళు తిప్పే మైదానం ఒకటి మూసేస్తుంటే, అక్కడ చేసిన పనికి బదులుగా ఒక ఇంజను భుజాన వేసుకుని వచ్చాడు.

“ఇదేంటండీ?”

“గో-కార్టు ఇంజను.”

“మరి కార్టేదీ?”

“కార్టు లేదు. ఇంజనొక్కటే.”

ఆవిడ ఇంజను వంక చూసింది, మొగుడి వంక చూసింది, మళ్ళీ మిషను ముందు కూర్చుంది. అంతటితో పోయేదే. కానీ కలప డిపోలో పనిచేసే ఆవిడ తమ్ముడు సరిగ్గా ఆ పూటే వచ్చాడు.

“చక్రాల్లేని బండి ఏం చేసుకుంటావు బావా? మంచానికి బిగించు. పడుకునే పనికెళ్ళొచ్చు.”

“నవ్వు బామ్మర్దీ, నవ్వు. దీంతో రంపం చేస్తా. మీ డిపో రంపం ఒక దుంగ కోసేలోపు నాది రెండు కోస్తుంది.”

“చేస్తావు సరే. ఎత్తేదెవరు? ఏనుగా?”

ఆ నవ్వు మెకానిక్‌కి ఎక్కడో తగిలింది. ఆ రోజు నుంచి జనం స్కూటర్లు ఎండలో ఎండుతూనే ఉన్నాయి.

పెరట్లో షెడ్డు కారుతోందని, ఇంజను తుప్పు పడుతుందని దాన్ని ఆవిడ బల్ల మీదికి చేర్చాడు. “రెండు రోజులే,” అన్నాడు. ఆ ఇంట్లో రెండు రోజులంటే రోజుల లెక్క కాదు, దగ్గు లాగా దానంతటది వచ్చే మాట. ఇంజను వెనకాలే ఇనప పలక వచ్చింది. పలక వెనకాల నాలుకలా పొడుగ్గా ఉన్న బ్లేడు, దాని చుట్టూ తిరిగే పళ్ళ గొలుసు వచ్చాయి. పాత సైకిలు హ్యాండిలు విరిచి పిడి చేశాడు. కండెల డబ్బాలో బోల్టులు చేరాయి. గుండీల కోసం చెయ్యి పెడితే స్పార్కు ప్లగ్గు తగిలింది. చివరికి ఆవిడ కొలత టేపుతోనే బ్లేడు కొలిచాడు. ఆ టేపుతోనే ఆవిడ ఒక నర్సు భుజం కొలిచింది.

ఆ నర్సుకి కుట్టిన కోటు తిరిగొచ్చింది. మెడ పట్టీ మీద బొటనవేలంత నల్లటి మచ్చ. పెద్ద నర్సు స్వయంగా తెచ్చి ఇచ్చింది.

“అమ్మా, మా దగ్గర జబ్బులు మనుషులకే ఉండాలి, కోట్లకి కాదు. ఇంకొక్కటి ఇలా వచ్చిందా, పని వేరేవాళ్ళకిచ్చేస్తాం.”

కోట్లావిడ ఆ కోటుని తీసుకెళ్ళి ఇంజను మీద కప్పింది. “ఇది ఈ గది ఎప్పుడు ఖాళీ చేస్తుంది?”

“దుంగ కోసిన రోజు. ఆ పూటే డిపోకి మోసుకెళ్ళి మీ తమ్ముడి ముందు పెడతా. దీన్ని మళ్ళీ గుమ్మం తొక్కనివ్వను.”

“ఒట్టా?”

“ఒట్టు.”

ఆ ఒట్టుతో ఆవిడకి కొత్త చిక్కు వచ్చిపడింది. ఆ దిక్కుమాలిన రంపం దుంగ కోయాలని మెకానిక్ కంటే ఆవిడే ఎక్కువ కోరుకోవాల్సి వచ్చింది. కోరుకోవడమంటే ఊరికే కాదు. పళ్ళు బిగించి మరీ పలకకి అటు పక్క పట్టుకుంది, జారిపోయిన నట్టు కోసం బల్ల కిందికి దూరింది, ప్రతిసారీ చేతులు సబ్బుతో తోముకుని మళ్ళీ తెల్లబట్ట ముట్టుకుంది.

చూపించే రోజు రానే వచ్చింది. తమ్ముడు డిపో నుంచి లావాటి దుంగ తెచ్చి పెరట్లో ఉన్న పాత ఇనప మంచం మీద, కొస బయటికి వచ్చేలా పడుకోబెట్టాడు. మెకానిక్ చెవుల్లో దూది కుక్కుకున్నాడు. తమ్ముడు తాడు లాగాడు. ఇంజను అరిచిన అరుపుకి గోడ మీది కాకులు లేచిపోయాయి, గిన్నెలు వాటంతటవే మోగాయి.

మెకానిక్ బ్లేడు దుంగ మీద ఆనించాడు. పొగ వచ్చింది. ఇంకా నొక్కాడు. ఇంకా పొగ వచ్చింది.

“కోస్తోంది! కోస్తోంది!” అన్నాడు మెకానిక్.

కోట్లావిడ వంగి చూసింది. పొట్టు రాలడం లేదు. కోత పడాల్సిన చోట చెక్క నల్లగా, నున్నగా మెరుస్తోంది. మిషను చక్రం వెనక్కి తిరిగితే దారం చిక్కుపడుతుంది. చక్రం ఎటు తిరుగుతోందో చూడటం ఆవిడకి ఊపిరి తీసినంత అలవాటు. గొలుసు పళ్ళ పదును ఒకవైపు ఉంది, గొలుసు పోయేది రెండోవైపు. పళ్ళు వీపుతో చెక్కని రుద్దుతున్నాయి. ఇన్నాళ్ళూ తన బల్ల తిన్నది ఇందుకా? ఆవిడ ఒళ్ళు మండింది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ ఎత్తనంత గొంతెత్తింది.

“ఎదురు తిరుగుతోందండీ! ఎదురు తిరుగుతోంది!”

“ఏంటీ?”

“ఎదురు తిరుగుతోంది!”

దూది లోంచి సగం మాటే దూరింది. “నాకే ఎదురు తిరుగుతావా? ఇప్పుడే తిరగాలా? చేతిలో రంపముంది, ఆగు!” అని అతనూ కేక పెట్టాడు.

తమ్ముడు నవ్వలేక కింద కూలబడ్డాడు. గోడ అవతల పక్కింటి పిన్ని తల ఒకసారి పైకి లేచింది. పొగ చూసింది, రంపం చూసింది, మాయమైంది.

ఇంజను ఆపాక సంగతి తేలింది. పలక మీద ఇంజను మొహం అటుది ఇటు పెట్టి బిగించాడు. కార్టుని ముందుకు తీసుకెళ్ళినట్టే అది తిరుగుతోంది, పాపం, దాని తప్పేం లేదు.

“గొలుసు తీసి తిప్పి వెయ్యి బావా.”

“అప్పుడు కోస్తుంది, కోస్తూ నా గుండెల మీదికి తోసుకొస్తుంది. ఇంజన్నే తిప్పాలి. పలక మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి.”

“ఎన్నాళ్ళు?” అంది కోట్లావిడ.

“రెండు రోజులు.”

ఆవిడ గదిలోకి వెళ్ళి పలక ముక్కలు తెచ్చి మంచం మీద పడేసింది. పానాలు తెచ్చి పడేసింది. కండెల డబ్బా బోర్లించింది. ప్రతిదీ ఇనప మంచం మీద ఖంగున మోగింది. అదంతా గోడ అవతలికి మహా బాగా వినపడింది.

“ఇక్కడే చేసుకోండి.”

“వానొస్తే?”

“గొడుగు పడతా.”

వాన వచ్చింది. ఆవిడ గొడుగూ పట్టింది. అతను చిల్లులు పొడుస్తుంటే మీద గొడుగు పట్టుకుని, “ఇటే కదా తిరగాలి? ఇటే కదా?” అని ప్రతి బోల్టుకీ అడిగి అతని తల ప్రాణం తోకకి తెచ్చింది. ఈసారి తాడు లాగాక పొట్టు చిమ్మింది. దుంగ కొస తెగి దబ్బున నేల మీద పడింది. తమ్ముడు కట్టుకున్న చేతులు విప్పాడు.

ఒట్టు ప్రకారం రంపం ఆ పూటే డిపోకి వెళ్ళింది. మొదటి దుంగ డిపో రంపం కంటే ముందే కోసింది కూడా. రెండో దుంగకి మెకానిక్ చేతులు లేవక పొట్టు కుప్ప మీద కూర్చుండిపోయాడు. “ఏనుగుని పిలవనా బావా?” అన్నాడు తమ్ముడు. ఇంటికొచ్చి, బరువు తగ్గించే ఉపాయం తట్టిందని మెకానిక్ మొదలుపెట్టాడు. ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టి అతని మొహంలోకి చూసింది.

“డిపోలోనే చేస్తాలే,” అన్నాడు.

పక్కింటి పిన్ని ఓదార్చడానికి వచ్చింది. “ఎంత సహించి ఉంటే ఇంతకి తెగిస్తావే తల్లీ!”

“అయ్యో, ఎదురు తిరిగింది నేను కాదు పిన్నీ...”

“నాకు చెప్పకు. నా చెవులతో నేను విన్నా.”

పెద్ద నర్సు కోట్ల కోసం వచ్చి, గుమ్మంలోనే నిలబడి, తొందరేం లేదు, వీలున్నప్పుడే ఇవ్వమంది. కోట్లావిడ మరిక ఎవరికీ ఏమీ చెప్పలేదు. తుడిచిన బల్ల మీద తెల్లబట్ట పరిచింది.

పెరట్లో మంచం అలాగే ఉంది, దాని మీద గీత కూడా పడలేదు. ఆ రోజు ఎదురు తిరిగింది గొలుసు.